క్లినికల్ సైకాలజీలో రోగితో తొలి ఇంటర్వ్యూ: శిక్షణలో ఉన్నవారికి సమగ్ర మార్గదర్శి

క్లినికల్ సైకాలజీ శిక్షణలో చేరిన ప్రతి విద్యార్థి చేతికీ తొలి వారాల్లోనే ఒక కేస్ ప్రొఫార్మా వస్తుంది. పేరు, వయసు, చదువు, వృత్తి, ఎవరు పంపారు, ప్రధాన ఫిర్యాదులు, ప్రస్తుత జబ్బు చరిత్ర, పూర్వ చరిత్ర, కుటుంబ చరిత్ర, వ్యక్తిగత చరిత్ర, జబ్బుకు ముందున్న స్వభావం, మానసిక స్థితి పరీక్ష అంటూ సాగే ఆ పత్రం ఎంతో ఉపయోగపడేదే. అయితే విద్యార్థి దాన్ని ప్రశ్నల పట్టికగా భావించి, రోగి ఎదుట కూర్చుని పై నుంచి కిందికి గడులు నింపుకుంటూ పోవడంతో చిక్కు మొదలవుతుంది. ప్రొఫార్మా చెప్పేది రాసే క్రమం. అడిగే క్రమం ఎదుట కూర్చున్న మనిషిని బట్టి, ఆ రోజు ఆ మనిషి ఏం చెప్పడానికి సిద్ధపడి వచ్చారన్నదాన్ని బట్టి ఏర్పడుతుంది. ఈ రెండు క్రమాలనూ మనసులో వేరుగా ఉంచుకోవడం అలవడితే మిగిలిన నైపుణ్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

తొలి ఇంటర్వ్యూ ముగిసేసరికి మూడు విషయాలు తేలాలి. ఈ మనిషికి ఇవాళ ప్రాణాపాయం ఏమైనా ఉందా, సమస్య స్థూలంగా ఏ దిక్కున ఉంది, ఈయన మళ్లీ వస్తారా అన్నవే ఆ మూడు. వీటిలో మూడోదాన్ని విద్యార్థులు చిన్నచూపు చూస్తారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్సకు దూరంగా ఉన్నట్టు తేలింది. అన్ని అడ్డంకులూ దాటుకుని గది దాకా వచ్చిన మనిషి మనం అడిగిన తీరు నచ్చక తిరిగి రాకపోతే, నిండుగా రాసిన కేసు షీటు ఎవరికీ అక్కరకు రాదు.

మొదటి మెట్టు: చూడటం, అనుకరించటం

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, ఆ కౌన్సిల్‌లో నమోదు అవసరం. శిక్షణ కాలంలో చేసే ప్రతి ఇంటర్వ్యూకూ పర్యవేక్షకుల బాధ్యత ఉంటుంది. కాబట్టి మొదట అనుభవజ్ఞుల పక్కన కూర్చుని చూడాలి. చూసేటప్పుడు రోగ నిర్ధారణ ఏమై ఉంటుందా అని ఊహించుకుంటూ కూర్చోవడం వల్ల పెద్దగా నేర్చుకునేది ఉండదు. సీనియర్ ఏ మాట దగ్గర ఆగారు, ఏ ప్రశ్నను వదిలేసి తర్వాత మళ్లీ ఎత్తుకున్నారు, భర్తను ఎప్పుడు బయట కూర్చోమన్నారు, ఆ మాట ఏ విధంగా అన్నారు అన్నవి రాసుకోవాలి. ఒక నోటు పుస్తకంలో ఎడమ పక్క ఆయన అడిగిన ప్రశ్నలు అక్షరాలా, కుడి పక్క వాటికి వచ్చిన స్పందన రాసుకుంటే, పది పేజీలు నిండే సరికి అదే మంచి పాఠ్యపుస్తకం అవుతుంది.

తర్వాత తోటి విద్యార్థులతో రోగి, సైకాలజిస్టు పాత్రలు వేసుకుని సాధన చేయాలి. ఇందులో మొత్తం ఇంటర్వ్యూను ఒకేసారి చేయబోకుండా, ముక్కలుగా విడగొట్టి చేయడం మేలు: ఒక రోజు పరిచయం మాత్రమే, ఒక రోజు ఆత్మహత్య గురించిన ప్రశ్నలు మాత్రమే, ఒక రోజు మధ్యలో దూరి మాట్లాడే అత్తగారితో వ్యవహరించడం మాత్రమే. అసలైన రోగితోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మొదట పరిచయం, వ్యక్తిగత చరిత్ర విద్యార్థి తీసుకుని మిగిలినది సీనియర్ చేయడం, కొన్ని కేసుల తర్వాత మొత్తం విద్యార్థే చేస్తుండగా సీనియర్ పక్కన ఉండటం, ఆ తర్వాతే ఒంటరిగా చేయడం.

రెండో మెట్టు: కూర్చోబెట్టే ముందు

ఓపీ చీటీ, డాక్టరు పంపిన కాగితం, పాత డిశ్చార్జి సమ్మరీ ఉంటే ముందే చదవాలి. థైరాయిడ్ పరీక్ష, షుగరు, ఫిట్స్, తలకు దెబ్బ, స్టెరాయిడ్ల వాడకం వంటివి ఆ కాగితాల్లోనే కనిపిస్తాయి. కానీ వాటిలో ఎవరో రాసిన రోగ నిర్ధారణను పక్కన పెట్టి గదిలోకి వెళ్లాలి. అది ముందే బుర్రలోకి ఎక్కితే మన ప్రశ్నలన్నీ దాన్ని నిరూపించే దిక్కుకే పోతాయి.

కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉండాలి. తలుపుకు దారి ఇద్దరికీ ఖాళీగా ఉండాలి. ఆవేశంలో ఉన్న రోగి విషయంలో ఇది భద్రతకు సంబంధించిన నియమం కూడా. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు గానీ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ దూర జిల్లాల నుంచి వచ్చేవారు తెల్లవారుజామున బయలుదేరి ఉంటారు. టిఫిన్ చేశారా, తిరిగి వెళ్లే బస్సు ఎన్నింటికి అని అడగడం మర్యాద కోసం మాత్రమే కాదు. బస్సు రెండింటికైతే ఇంటర్వ్యూ గంటకు మించి సాగదని, ముఖ్యమైనవి ముందు అడగాలని మనకు తెలుస్తుంది. మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చున్న మనిషికి ఏకాగ్రత పరీక్షలు పెట్టి, వచ్చిన అంకెలను నమ్మడం అర్థం లేని పని.

మూడో మెట్టు: మొదటి అయిదు నిమిషాలు

ఈ భాగాన్ని ముందే మాటలు కూర్చుకుని, నోటికి వచ్చేదాకా సాధన చేయాలి. పేరు, హోదా, సమయం, గోప్యత, నోట్సు అనే అయిదు సంగతులు అందులో రావాలి. ఉదాహరణకు ఇలా చెప్పవచ్చు:

"నమస్తే అమ్మా, నా పేరు ఫలానా. నేను ఇక్కడ సైకాలజీలో శిక్షణ పొందుతున్నాను, డాక్టరుగారి దగ్గరకు వెళ్లే ముందు మీతో ముప్పావు గంట మాట్లాడతాను. మీరు చెప్పినవి నాకు, నాకు నేర్పే మేడంగారికి, మీకు వైద్యం చేసే డాక్టర్లకు తప్ప బయటికి పోవు. మీ ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, కాపాడటానికి అవసరమైనంత వరకు ఇంకొకరికి చెప్పవలసి వస్తుంది. గుర్తు కోసం అప్పుడప్పుడు రాసుకుంటాను, మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఆపేస్తాను."

రోగులు అందరినీ "డాక్టరుగారూ" అనే పిలుస్తారు. శిక్షణలో ఉన్నామని చెబితే చులకన చేస్తారేమోనని విద్యార్థులు ఆ మాట మింగేస్తారు. చెప్పడమే సరైన పద్ధతి. పర్యవేక్షకులు గదిలోకి వచ్చినప్పుడు రోగికి అనుమానం కలగకుండా ఉండటానికీ అది అవసరం. గోప్యత హామీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మినహాయింపులు కూడా అక్కడే ఉన్నాయి. ఆ మినహాయింపులను మొదట్లోనే చెప్పకుండా "ఏం చెప్పినా ఎవరికీ చెప్పను" అని మాటిస్తే, తర్వాత అరగంటకు ఆ మాట తప్పవలసిన పరిస్థితి రావచ్చు.

సంబోధన విషయంలో, ఆటో నడిపే యువకుడైనా కూలికి వెళ్లే అమ్మ అయినా పెద్దవారందరినీ "మీరు" అనే అనాలి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు విద్యార్థిని "నువ్వు", "బిడ్డా" అంటారు. అందులో అగౌరవం ఏమీ లేదు, ఒక విధంగా అది దగ్గరితనమే. "నీకు పెళ్లయిందా బిడ్డా?", "మీదే ఊరు?", చివరికి "మీరేవోళ్లు?" అని కులం గురించి కూడా అడుగుతారు. తడబడి "అది మీకు అనవసరం" అన్న ధోరణిలో ముఖం పెట్టకూడదు, అలాగని సొంత కథ విప్పకూడదు. చాలాసార్లు ఆ ప్రశ్న వెనుక ఉండేది "నా బాధ నీకు అర్థమవుతుందా?" అన్న సందేహం. "ఇంకా కాలేదమ్మా. నాకు అర్థం కాదేమో అనిపిస్తోందా?" అని అడిగితే మాట మళ్లీ ఆమె వైపు తిరుగుతుంది. కులం మాట వస్తే "ఇక్కడ దాంతో పని లేదమ్మా, మీ సంగతి చెప్పండి" అంటే సరిపోతుంది.

నాలుగో మెట్టు: ఫిర్యాదును వారి మాటల్లో వినడం

మొదటి ప్రశ్న విశాలంగా ఉండాలి: "ఏ ఇబ్బందితో వచ్చారో చెప్పండి." ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు మధ్యలో అడ్డు రాకూడదు. చెప్పడం సులువు, చేయడం కష్టం. గడియారం చూడకుండా సాధన చేసిన విద్యార్థి అరనిమిషానికే ప్రశ్న వేసేస్తాడు.

మన దగ్గర దిగులు, భయం చాలామందిలో ఒంటి నొప్పుల రూపంలోనే మాటకు వస్తాయి. గుండె దడ, గాబరా, తల బరువు, ఒళ్లంతా మంటలు, నరాల బలహీనత, కాళ్లు గుంజడం, కడుపులో తిప్పడం. ఒక ఉదాహరణ చూద్దాం. నలభై ఏళ్ల స్త్రీ ఇలా మొదలుపెడుతుంది: "నిద్ర పడ్తలేదు సార్. గుండె దడదడ కొట్టుకుంటది. కాళ్లు చేతులు గుంజుతయి."

కొత్త విద్యార్థి వెంటనే "ఎన్నాళ్ల నుంచి? ఆకలి ఉందా? దిగులుగా ఉంటుందా? బరువు తగ్గారా?" అని వరుస పెడతాడు. ఆమె "ఆ", "లే", "ఉంటది" అని జవాబు చెప్పి ఊరుకుంటుంది. గడులు నిండుతాయి, సంగతి మాత్రం తెలియదు. అదే చోట "నిద్ర పట్టని రాత్రి మంచం మీద ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగి ఆగితే, "ఏం జేస్త సార్, పైకప్పు జూసుకుంట పడుకుంట. పిల్ల సంగతే యాదికొస్తది" అనవచ్చు. ఇప్పుడు పిల్ల ఎవరు, ఏమైంది అన్నది ఆమే చెబుతుంది. ఆకలి, బరువు, దిగులు అన్నవి ఆ కథలోనే సగం దొరుకుతాయి, మిగిలిన సగం తర్వాత అడిగి పూరించవచ్చు.

కేసు షీటులో ప్రధాన ఫిర్యాదు దగ్గర ఆమె అన్న మాటలనే, ఆమె యాసలోనే రాయాలి. "డిప్రెస్డ్ మూడ్ (దిగులు), ఇన్సోమ్నియా (నిద్రలేమి)" అని అక్కడే మార్చి రాసేస్తే, పర్యవేక్షకులకు మన నిర్ణయం తప్ప రోగి కనిపించరు.

ఈ దశలో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. "ఎందుకు అలా చేశారు?" అన్న ప్రశ్న నిలదీసినట్టు వినిపిస్తుంది, "ఆ రోజు ఏం జరిగింది?" అంటే అదే సమాచారం నొప్పి లేకుండా వస్తుంది. ఏడుస్తున్న మనిషితో "ఏడవకండమ్మా" అనడం మనకు రిఫ్లెక్సులా వచ్చే మాట. నిజానికి అది మన ఇబ్బందిని తగ్గించుకోవడానికి అనే మాట. మంచినీళ్ల గ్లాసు దగ్గరగా జరిపి, నోట్సు పక్కన పెట్టి, కాసేపు ఊరుకుంటే చాలు. "ధైర్యంగా ఉండండి, అంతా సర్దుకుంటుంది" అన్నది ఇంట్లో అందరూ ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటారు; సైకాలజిస్టు నోట కూడా అదే వస్తే, ఇక్కడా చెప్పుకునే వీలు లేదని రోగి నిశ్చయించుకుంటారు.

తన బాధకు కారణం ఏమని రోగి నమ్ముతున్నారో కూడా అడగాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5లోని సాంస్కృతిక ఇంటర్వ్యూలో 16 ప్రశ్నలు ఉన్నాయి, వాటి సారం "ఇది మీకు ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు? ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారు? ఇంతకుముందు ఎక్కడెక్కడ చూపించుకున్నారు?" అన్నదే. చేతబడి, గాలి సోకడం, దిష్టి, దర్గా, తాయెత్తు, మంత్రగాడికి పోసిన డబ్బు, అన్నీ ఇక్కడే బయటికి వస్తాయి. ముఖంలో చిరునవ్వు గానీ, కనుబొమ కదలిక గానీ కనిపిస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. బోనాల వేళ పూనకం రావడం, పోయిన భర్త పిలిచినట్టు అనిపించడం వంటివి ఆ సమాజం ఒప్పుకున్న అనుభవాలు. ఆ సందర్భం దాటి, మనిషి రోజువారీ బతుకును కూలదోస్తున్నప్పుడే వాటిని లక్షణాలుగా పరిశీలించాలి.

అయిదో మెట్టు: కాలక్రమం

"ఎన్నాళ్ల నుంచి?" అంటే "చానా రోజులైంది" అన్న జవాబే వస్తుంది. తేదీలు గుర్తుండని చోట పండుగలు, పంటలు, ఇంట్లో జరిగిన శుభాశుభాలు ఆధారమవుతాయి. "సంక్రాంతికి బాగానే ఉన్నారా?", "నాట్లప్పుడు పొలం పనికి వెళ్లారా?", "పెద్దమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?" అని అడుగుతూ, చివరిసారి పూర్తిగా బాగున్న రోజును వెతికి పట్టుకోవాలి. అక్కడి నుంచి ముందుకు నడవాలి. కాగితం మీద ఒక గీత గీసి, ఆమె చూస్తుండగానే దాని మీద ఈ సంఘటనలు గుర్తు పెట్టుకుంటే, చదువు రానివారు కూడా వేలితో చూపించి "కాదు, ఇది దాని ముందు" అని సరిదిద్దుతారు.

మార్పు ఎంత వేగంగా వచ్చిందన్నది ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-10, తీవ్రమైన సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) విషయంలో 48 గంటల లోపు వచ్చిన దాన్ని హఠాత్తుగా వచ్చినదిగా, రెండు వారాల లోపు వచ్చిన దాన్ని త్వరితంగా వచ్చినదిగా విడదీసింది. నెలల తరబడి మెల్లగా పాకినది వేరు. నిన్నటి దాకా బాగున్న అరవై ఏళ్ల పెద్దాయన ఇవాళ మనుషులను గుర్తుపట్టడం లేదంటే, రాత్రిళ్లు అది ఇంకా ఎక్కువవుతోందంటే, అక్కడ సైకాలజీ ఇంటర్వ్యూ ఆపి వెంటనే డాక్టరును పిలవాలి. అది ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో, మరేదో శరీర సమస్యో కావచ్చు.

లేని లక్షణాలను కూడా రాయడం మరవకూడదు. దిగులుతో వచ్చిన వ్యక్తిలో గతంలో నిద్ర అవసరం లేకుండా వారం పాటు అతి ఉత్సాహంగా, అతిగా ఖర్చు చేస్తూ తిరిగిన కాలం ఉందా అని అడిగి, లేకపోతే లేదని రాయాలి. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే దిగులు, అతి ఉత్సాహం మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మత చేజారిపోతుంది.

ఆరో మెట్టు: వెంట వచ్చినవారు

మన దగ్గర రోగి ఒంటరిగా రావడం అరుదు. భర్త, అన్న, తల్లి, ఒక్కోసారి ఊరి పెద్ద కూడా వెంట ఉంటారు, రోగిని అడిగిన ప్రశ్నకు వాళ్లే జవాబు చెబుతారు. మొదట అందరినీ కలిపి కాసేపు కూర్చోబెట్టి, ఎవరు ఎవరి వైపు చూసి మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడగానే ఎవరు తల దించుకుంటున్నారు అన్నది గమనించాలి. తర్వాత "ఇక్కడ ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడటం పద్ధతి అండీ, మీతో కూడా తర్వాత మాట్లాడతాను" అని చెప్పి బయట కూర్చోమనాలి. పద్ధతి అని చెప్పడం వల్ల భర్తకు అనుమానం రాదు, భార్యకు ఇంటికి వెళ్లాక సంజాయిషీ చెప్పుకోవలసిన పని ఉండదు. గృహహింస గురించిన ప్రశ్న ఈ విడి సమయంలోనే అడగాలి. అందరి ముందు అడగడం ఆమెను ప్రమాదంలో పడేయడమే.

సమాచారం ఇచ్చినవారి గురించి కేసు షీటులో రెండు సంగతులు రాస్తాం: నమ్మదగినదా, సరిపడా ఉందా. తల్లి చెప్పేది నిజమే కావచ్చు, కానీ కొడుకు మూడేళ్లుగా హైదరాబాదు హాస్టల్లో ఉంటే ఆమె దగ్గర సరిపడా సమాచారం ఉండదు. రెండు కథనాలూ పొసగకపోతే, విడివిడిగా, ఎవరు చెప్పారో పేర్కొంటూ రాయాలి. మనమే కూర్చుని రాజీ కుదిర్చి ఒకే కథగా రాయకూడదు.

"మీరు అడిగి నాతో చెప్పండి, దానికి ఎవరితోనైనా సంబంధం ఉందా?" అని రహస్యంగా అడిగే తండ్రులు, భర్తలు ఉంటారు. వాళ్ల ఆందోళనను వినాలి, కాని రోగి చెప్పినది రోగి అనుమతి లేకుండా చేరవేయడం లేదని స్పష్టంగా, కోపం లేకుండా చెప్పాలి.

ఏడో మెట్టు: అడగడానికి జంకే ప్రశ్నలు

ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనన్న భయం దాదాపు ప్రతి విద్యార్థికీ ఉంటుంది. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని పరిశోధనలు చూపించాయి. చాలామందికి అడిగినందుకు ఊరట కలుగుతుంది. తొలి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న లేకుండా ఎవరినీ పంపకూడదు. మెట్లు మెట్లుగా దిగడం సులువు:

"ఇంత బాధలో ఉన్నప్పుడు ఇంకెందుకు ఈ బతుకు అనిపిస్తుందా?" అవునంటే, "చనిపోతే బాగుండు అనిపించిందా?" "మీ అంతట మీరు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?" "ఎలా అన్నది కూడా ఆలోచించారా?" "దానికి కావలసినది ఇంట్లో ఉందా?" "ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా?" "ఇవాళ, ఇప్పుడు ఎలా ఉంది?" "ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆపినది ఏమిటి?"

ఈ ప్రశ్నలను అద్దం ముందు బిగ్గరగా అనుకుని, గొంతు తడబడకుండా అనగలిగే దాకా సాధన చేయాలి. "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అన్న రూపంలో అడిగితే "లేవు" అన్న జవాబు మనమే చెప్పించుకున్నట్టు. రోగి అవునన్నప్పుడు ముఖం మార్చకుండా వినడం, మరో నాలుగు ప్రశ్నలు అడిగే ఓపిక ఉండటం ఈ సాధన వల్లే వస్తాయి.

ప్రణాళిక, సాధనం, ఉద్దేశం ఉన్నాయని తేలితే ఇంటర్వ్యూలోని మిగిలిన గడులు ఆగిపోవచ్చు. రోగిని ఒంటరిగా వదలకూడదు, విద్యార్థి సొంత నిర్ణయంతో ఇంటికి పంపకూడదు, పర్యవేక్షకులకూ సైకియాట్రిస్టుకూ అప్పుడే తెలియజేయాలి. రోగికి చెప్పి, వెంట వచ్చిన నమ్మకస్తులను గదిలోకి పిలిచి, ఇంట్లో పురుగుల మందులు, మిగిలిపోయిన మాత్రలు రోగికి అందకుండా తాళం వేయమనో, ఇంటి నుంచి తీసేయమనో చెప్పాలి. పొలం ఉన్న ఇళ్లలో ఈ ఒక్క జాగ్రత్త ప్రాణాలు నిలబెడుతుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 తెలుగులోనూ పనిచేస్తుంది; దాన్ని కాగితం మీద రాసి చేతికివ్వాలి. గతంలో జరిగిన ప్రయత్నాన్ని పోలీసు కేసు భయంతో కుటుంబం దాచిపెడుతుంది, "పొరపాటున మందు తాగింది" అంటారు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని చెబితే, చాలా ఇళ్లలో అసలు సంగతి అప్పుడు బయటికి వస్తుంది.

మద్యం గురించి "తాగుతారా?" అని ఒక్క ముక్కలో అడిగి వదిలేయకూడదు. "మందు ముట్టను సార్" అన్న వ్యక్తి రోజూ కల్లు దుకాణానికి వెళుతుండవచ్చు, ఆయన దృష్టిలో కల్లు మందు కాదు. అందుకే బ్రాందీ, బీరు, కల్లు, గుట్కా, గంజాయి, నిద్రమాత్రలు ఒక్కొక్కటీ విడిగా అడగాలి, ఆడవాళ్లనూ అడగాలి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రజోలం, డయజిపామ్ వంటి మత్తు మందులు కలుపుతున్నట్టు తరచూ బయటపడుతూ వచ్చింది. అలాంటి కల్లు ఒక్కసారిగా ఆగితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, మతి తప్పిన మాటలు వస్తాయి. కాబట్టి "చివరిసారి ఎప్పుడు తాగారు?" అన్నది కేసు షీటు కోసం అడిగే ప్రశ్న మాత్రమే కాదు. నిన్ననో మొన్ననో ఆపేశారంటే, చేతులు చాచమని చూసి, అప్పటికప్పుడు డాక్టరు దగ్గరకు పంపాలి.

లైంగిక విషయాల్లో మగవారి నుంచి "నరాల బలహీనత", "ధాతువు (వీర్యం) పోతోంది" అన్న మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. గోడల మీద ప్రకటనలు చూసి భయపడి, వేలకు వేలు పోసి వచ్చినవారు ఉంటారు. తొలి రోజే అది అపోహ అని ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. భయం ఎప్పుడు మొదలైంది, ఎవరేమన్నారు అన్నది వింటే చాలు.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఇందులో విద్యార్థికి విచక్షణ ఏమీ లేదు. వెంటనే పర్యవేక్షకుల దగ్గరకు వెళ్లాలి. పిల్లను మళ్లీ మళ్లీ వివరాలు చెప్పించకూడదు.

ఎనిమిదో మెట్టు: మానసిక స్థితి పరీక్ష

దీన్ని ఇంటర్వ్యూ చివర జరిగే విడి పరీక్షగా భావించడం ప్రొఫార్మా తెచ్చిన మరో అపోహ. రోగి తలుపు దగ్గర చెప్పులు విడిచిన క్షణం నుంచే అది మొదలైంది. దుస్తులు, నడక, చూపు, మాట వేగం, జవాబుకు పట్టిన సమయం, నవ్వు సందర్భానికి తగినట్టు వచ్చిందా లేదా అన్నవన్నీ అప్పటికే మన దగ్గర ఉన్నాయి. విడిగా అడగవలసింది భ్రాంతులు, అనుమానాలు, జ్ఞాపకశక్తి వంటి కొన్నే.

"చెవుల్లో మాటలు వినిపిస్తాయా?" అని ఉన్నట్టుండి అడిగితే "నాకేమన్నా పిచ్చా?" అని కోపం వస్తుంది. "నిద్ర లేక ఇంత నలిగిపోయినప్పుడు కొందరికి ఎవరూ లేకపోయినా పిలిచినట్టు వినిపిస్తుంది. మీకెప్పుడైనా అలా అయిందా?" అంటే సాఫీగా పోతుంది.

ఏకాగ్రతకు 100 నుంచి ఏడేసి తీసేయమనడం బడికి వెళ్లనివారికి తగదు. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనవచ్చు, కూరగాయలకు అరవై అయిదు రూపాయలై వంద నోటు ఇస్తే చిల్లర ఎంత రావాలని అడగవచ్చు. ఇంగ్లీషు తేదీ తెలియని పెద్దావిడకు అమావాస్య ఎప్పుడు వెళ్లిందో, ఇది ఏ మాసమో ఖచ్చితంగా తెలిసి ఉండవచ్చు. కాలస్పృహ లేదని రాసే ముందు అది అడగాలి. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో 9 అంశాలు, 0 నుంచి 27 దాకా అంకెలు ఉంటాయి. అది తీవ్రతను కొలుస్తుంది తప్ప నిర్ధారణ చేయదు. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో అంశంలో సున్నా తప్ప ఏది వచ్చినా ఏడో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

తొమ్మిదో మెట్టు: చివరి పది నిమిషాలు

సమయం దగ్గర పడుతోందని ముందే చెప్పాలి. విన్నదాన్ని నాలుగైదు వాక్యాల్లో, వీలైనంత వరకు రోగి వాడిన మాటలతోనే తిరిగి చెప్పి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా? ఏమైనా తప్పుగా విన్నానా?" అని అడగాలి. తర్వాత "నేను అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?" అన్న ప్రశ్నకు తప్పనిసరిగా చోటు ఉంచాలి. చెప్పులు వేసుకుంటూ తలుపు దగ్గర నిలబడి అసలు సంగతి చెప్పేవారు చాలామంది. ఈ ప్రశ్న ఆ సంగతిని కొన్నిసార్లు పది నిమిషాలు ముందుకు తెస్తుంది. అయినా తలుపు దగ్గరే వస్తే, ప్రాణాపాయం కానిదైతే, "ఇది ముఖ్యమైన మాట, వచ్చేసారి దీంతోనే మొదలుపెడదాం" అని రాసుకోవాలి.

"నాకేమైంది సార్?" అన్న ప్రశ్నకు విద్యార్థి జబ్బు పేరు చెప్పకూడదు. "ఇవాళ విన్నవి మా మేడంగారితో మాట్లాడి, వచ్చేసారి మీతో కూర్చుని వివరంగా చెబుతాం" అనడం నిజాయితీ గల జవాబు. ఎప్పుడు రావాలి, ఎవరిని కలవాలి, ఏ గది అన్నది చీటీ మీద తెలుగులో రాసివ్వాలి.

వీడియోలో చేసే ఇంటర్వ్యూలకు ఒక్క అదనపు జాగ్రత్త చాలు: రోగి ప్రస్తుతం ఉన్న చిరునామా, దగ్గరలోని ఒకరి ఫోన్ నంబరు మొదటి నిమిషంలోనే తీసుకోవాలి. విదేశాల్లో ఉన్న తెలుగువారితో అయితే ఆ దేశపు అత్యవసర నంబరు మన దగ్గర ఉండాలి, అక్కడి చట్టం మనల్ని ఆ సేవకు అనుమతిస్తుందో లేదో పర్యవేక్షకులతో ముందే తేల్చుకోవాలి.

పదో మెట్టు: రాయడం, పర్యవేక్షకుల ముందు పెట్టడం

ప్రొఫార్మా క్రమం ఇప్పుడు పనికొస్తుంది. అదే రోజు, వీలైతే తర్వాతి రోగిని పిలవక ముందే రాయాలి. సంభాషణలో అక్కడక్కడ చెదిరి ఉన్న సమాచారాన్ని దాని దాని గడిలోకి చేర్చి, ఖాళీగా మిగిలిన గడులను "అడగలేదు" అనే రాయాలి. "ఏమీ లేదు" అని రాస్తే అడిగి లేదనిపించుకున్నట్టు అవుతుంది. ఈ రెండింటి తేడా తెలియని కేసు షీటును నమ్మి తర్వాతి డాక్టరు మందు రాస్తారు.

చివరలో, సమస్యకు నేల సిద్ధం చేసినవి, ఇప్పుడు బయటికి తెచ్చినది, తగ్గకుండా నిలబెడుతున్నవి, మనిషిని కాపాడుతున్నవి అన్న నాలుగు శీర్షికల కింద తాత్కాలికంగా ఒక అవగాహన రాసుకోవాలి. పైన చెప్పిన స్త్రీ విషయంలో చిన్నప్పుడే తల్లి పోవడం మొదటిది, కూతురు ఇల్లు విడిచి వెళ్లడం రెండోది, ఊళ్లో ఎవరి ముఖమూ చూడలేక పనికి వెళ్లడం మానేయడం మూడోది, రోజూ వచ్చి పక్కన కూర్చునే ఆడపడుచు నాలుగోది కావచ్చు. నాలుగో దాన్ని విద్యార్థులు తరచూ ఖాళీగా వదిలేస్తారు. చికిత్స అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి అది నిండకపోతే మళ్లీ అడగాలి.

పర్యవేక్షకుల దగ్గరకు ఫలితంతో మాత్రమే వెళితే సగమే నేర్చుకుంటాం. రోగి రాతపూర్వక అనుమతి ఇస్తే ఆడియో రికార్డు చేయాలి, లేకపోతే జ్ఞాపకం ఉన్నంత వరకు ఓ పది నిమిషాల సంభాషణను మాటకు మాట రాసుకుని వెళ్లాలి. ఆ రాతలో మన ప్రశ్నల కింద గీత గీసుకుని, ప్రతి ప్రశ్న రోగి అంతకు ముందు అన్న మాట నుంచి పుట్టిందా, ప్రొఫార్మాలోని తర్వాతి గడి నుంచి పుట్టిందా అని గుర్తు పెట్టుకోవాలి. మొదటి కేసుల్లో రెండో రకం గుర్తులే ఎక్కువ కనిపిస్తాయి. ఏ చోట రోగి మాటను వదిలేసి గడి వైపు వెళ్లామో ఆ చోటనే, ఆ వాక్యం దగ్గరే ఆగి, "ఇక్కడ మీరైతే ఏమడిగేవారు?" అని పర్యవేక్షకులను అడిగి, వారు చెప్పిన ప్రశ్నను పక్కన రాసుకుని, రోగి మళ్లీ వచ్చినప్పుడు దానితో మొదలుపెట్టాలి.